తోకచక్రం విమానం ప్రతిసారీ ఎడమకే ఎందుకు తిరుగుతోంది?

ప్రశ్న: మాది కావలి. ఉద్యోగం టెక్సాస్‌లో. సంక్రాంతికి ఇంటికొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముక్కు కింద చక్రముండే సెస్నా 172 మీద 160 గంటలు ఎగిరాను. నిరుడు ఒకాయన తన షెడ్డులో కట్టుకున్న ఆర్వీ-6 కొన్నాను. రెండు సీట్లు పక్కపక్కన, తోక కింద చిన్న చక్రం. సిటాబ్రియా అనే తోకచక్రం విమానం మీద పది గంటలు నేర్చుకుని టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంటూ తీసుకున్నాను. సొంత విమానంతో 22 సార్లు దిగితే మూడుసార్లు, ఇక ఆగిపోతుందనగా, ఎడమవైపుకి గిర్రున తిరిగిపోయింది. మూడోసారి కుడి రెక్క కొస రన్‌వేకి రాసుకుంది. దాదాపు ఆగిన బండి ఎందుకు తిరుగుతుంది? మూడు చక్రాల మీద దించాలా, ముందు రెండు చక్రాల మీదా? ముక్కు కింద చక్రమున్నది కొనుక్కోమని నాన్న పోరు. దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తే ఇక్కడే ఎగరొచ్చు కదా అని కూడా అంటున్నారు.

జవాబు: అమ్మకండి. కానీ రెక్క కొసకి కాస్త రంగు కొట్టించి మళ్ళీ ఎగరాలన్న ఆలోచన ఉంటే ముందు అది మానుకోండి. ఎడమకి తిరిగినప్పుడు బరువంతా కుడి కాలి మీద పడుతుంది. ఆర్వీ-6లో ఆ కాళ్ళు విమానం ఒంటికి బిగించి ఉండవు, ఇంజన్ మౌంట్ అనే ఉక్కు గొట్టాల చట్రంలోకి దిగి ఉంటాయి. అందుకని పక్క దెబ్బ కాలికి తగిలినా నొప్పి చట్రంలో తేలుతుంది. కౌలింగు (ఇంజన్ మీది తొడుగు) విప్పి, కాలు దిగే గొట్టం చుట్టూ వెల్డింగు దగ్గర రంగు వెంట్రుకవాసి పగిలిందేమో టార్చి వేసి చూడాలి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడ) కింది మూలల్లో రేకు ముడత పడిందా, యాక్సిల్ బోల్టులు సరిగా ఉన్నాయా, తోక స్ప్రింగు బోల్టు రంధ్రం కోలగా సాగిందా, కుడి ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున ఆడే పలక) కీళ్ళు తేలిగ్గా ఆడుతున్నాయా, అవీ చూడాలి. అద్దం, టార్చి మీవి కావచ్చు. చూసే కళ్ళు మాత్రం అమెరికా లైసెన్సున్న ఎ అండ్ పి (విమానం చట్రం, ఇంజన్) మెకానిక్‌వి అయ్యుండాలి. ఇంకోమాట: ప్రొపెల్లర్ నేలను ముద్దాడిందేమో కొసలు వేలితో తడిమి చూడండి. చిన్న గీతల్ని సానబట్టడంతో సరిపోకుండా ప్రొపెల్లర్‌కి మరమ్మతే అవసరమైందంటే, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తగిలినా సరే, ఇంజన్ తయారుచేసే లైకమింగ్ కంపెనీ దాన్ని ప్రొప్ స్ట్రైక్ (ప్రొపెల్లర్‌కి దెబ్బ) కిందే లెక్కగట్టి ఇంజన్ విప్పి చూడమంటుంది. ఖర్చు కళ్ళు తిరిగేంత అవుతుంది, నిజమే. క్రాంక్‌షాఫ్ట్ గేరు గాల్లో ఊడితే అయ్యే ఖర్చుకి లెక్క ఉండదు.

ఇక ఎందుకు తిరుగుతోందన్నది. ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి ధాన్యం తోలిన వాళ్ళెవరైనా మీ ఊళ్ళో ఉంటే అడగండి. ముందుకు లాగుతున్నంతసేపు ట్రక్కు బుద్ధిగా వెనకాలే వస్తుంది. రివర్సులో మాత్రం అర జానెడు పక్కకి జరిగిందా, ఇక ఆ పక్కకే పోతుంది, పోయేకొద్దీ మరింత పోతుంది, చివరికి ట్రాక్టరూ ట్రక్కూ మడతపడతాయి. లాగే బరువు ముందుంటే బండి తనంతట తానే సర్దుకుంటుంది, తోసే బరువు వెనకుంటే తప్పు పెరిగిపోతుంది. మీ సెస్నాలో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకి ముందు ఉంటుంది కాబట్టి కాస్త వంకరగా దిగినా బండే సరిచేసుకుంటుంది. ఆర్వీ-6లో బరువు చక్రాల వెనక ఉంది. ముక్కు ఎడమకి చూస్తూ ఒళ్ళు నేరుగా పోతుంటే, చక్రాలు నేలను పట్టుకుంటాయి, వెనక బరువు ముందుకు పోవాలని చూస్తుంది, తోక కుడికి, ముక్కు ఇంకా ఎడమకి. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. గడ్డి రన్‌వే మీద చక్రం కొంచెం జారి క్షమిస్తుంది, తారు క్షమించదు.

ఆగబోతుండగా జరగడం మీకు వింతగా తోచింది గానీ, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. రడ్డర్ (తోక మీది చుక్కాని) బలం గాలి వేగపు వర్గంతో మారుతుంది. 40 నాట్లలో ఉన్న బలం 20 నాట్లకి నాలుగోవంతుకి పడిపోతుంది. (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. నెల్లూరు వాళ్ళకి నాట్లంటే వరినాట్లే గుర్తొస్తాయి, అందుకని చెప్పడం.) రడ్డర్ చేతులెత్తేసేసరికి ఆ పని తోకచక్రం అందుకోవాలి. అది పట్టు దొరకబుచ్చుకోవాలంటే దాని మీద బరువుండాలి, బరువుండాలంటే స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) పొట్టకి ఆనేదాకా వెనక్కి లాగి పట్టుకుని ఉండాలి. చాలాసార్లు "దిగేశాం" అనుకున్న క్షణాన చేయి తనంతట తానే సడలుతుంది. 172లో అలా సడలినా ఏమీ కాదు, ఆ అలవాటే మీతో వచ్చింది. చక్రాలు పూర్తిగా ఆగి, మీరు ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టేదాకా స్టిక్ వెనకే. ఆ తర్వాతే ఫ్లాపులు, రేడియో, నీళ్ళసీసా.

మూడుసార్లూ ఎడమకే అన్నారు చూడండి, మీ ఉత్తరంలో అసలు ఆధారం అదే. కారణం బండిలోనైనా ఉండాలి, మీ కూర్చోవడంలోనైనా ఉండాలి.

కూర్చోవడం సంగతి ముందు. సిటాబ్రియాలో మీరు నడిమధ్యన కూర్చున్నారు, ముందున్న ముక్కు కొన మీ కళ్ళకి సూటిగా ఉండేది. ఆర్వీ-6లో మీరు ఎడమ సీట్లో, మధ్యగీతకి ఓ జానెడు పైచిలుకు పక్కన ఉన్నారు. కౌలింగు మీ కుడివైపుకి వంపు తిరిగి పోతుంది. అలవాటుకొద్దీ ఆ ముక్కు కొనని రన్‌వే గీత చివర పెట్టి దించితే, విమానం ముక్కు కొన్ని డిగ్రీలు ఎడమకి తిరిగి ఉంటుంది. మీకు మాత్రం నేరుగా ఉన్నట్టే ఉంటుంది! 50 నాట్లలో మూడు డిగ్రీలన్నా చక్రాల మీద పక్కకి రెండున్నర నాట్ల రాపిడి. పక్కపక్క సీట్ల విమానాలకి మారిన చాలామందికి ఇది తెలియని గోతి.

మందు చవకే. గాలి లేని ఉదయం విమానాన్ని టాక్సీవే పసుపు గీత మీద సరిగ్గా నిలపండి: ముక్కు కింది మధ్యభాగం నుంచి, తోకచక్రం నుంచి గుండు కట్టిన దారం వేలాడదీస్తే రెండూ గీత మీదే పడాలి. తోకని స్టాండు మీద ఎత్తి, విమానం గాల్లో ఉన్నట్టు సమంగా పెట్టండి. ఎగిరేటప్పుడు వాడే దిండే వేసుకుని, బెల్టు బిగించుకుని కూర్చోండి. మీ కళ్ళ ముందు దూరంగా, గీతకి సమాంతరంగా పోయే చూపు గాజుని ఎక్కడ దాటుతుందో అక్కడ ఒక స్టిక్కర్ బొట్టు అంటించండి. చిన్న నల్లబొట్టు చాలు, తీసేస్తే మరక కూడా ఉండదు. తర్వాత తోక దించి, హోరిజాన్ (నేల, ఆకాశం కలిసే గీత) కౌలింగుని ఎక్కడ కోస్తుందో చూసుకుని అక్కడ ఇంకో బొట్టు. మొదటిది "నేరుగా" అనే దానికి, రెండోది మూడు చక్రాల భంగిమకి. దిగేటప్పుడు ముక్కు కొనని వదిలేసి, మొదటి బొట్టుని రన్‌వే చివర పెట్టండి. చూపు రన్‌వే చివర ఉండాలి, దగ్గర నేల మీద కాదు. దగ్గరకి చూస్తే తిరగడం మొదలైన సంగతి అర సెకను ఆలస్యంగా తెలుస్తుంది, ఆ అర సెకనులోనే అంతా అయిపోతుంది.

ఇప్పుడు బండి సంగతి. గాలి లేనప్పుడు 10, 15 నాట్ల వేగంతో టాక్సీ చేస్తూ (నేల మీదే నడుపుతూ) పాదాలు తేలిగ్గా పెట్టి చూడండి. అప్పుడూ ఎడమకే లాగితే తప్పు విమానానిది, లాగకపోతే చాలావరకు మీదే. లాగితే ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, ఎడమ బ్రేకు పట్టుకుని ఉంటే వెంటనే తెలుస్తుంది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా చూడండి. తర్వాత చక్రాల వరస: విమానాన్ని నాలుగడుగులు ముందుకు నెట్టి, టైర్ల మధ్యగీతల ఎడం ఇరుసు ఎత్తులో ముందొకసారి, వెనకొకసారి కొలవండి. ముందు ఎడం తక్కువైతే చక్రాలు లోపలికి చూస్తున్నట్టు. తోకచక్రం విమానానికి అది చెరుపు. ఎడమకి తిరుగుతున్నప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది, అది లోపలికి, అంటే ఎడమకే, చూస్తుంటే తిరుగుడికి ఇంకో తోపు. సమంగా గానీ, రవ్వంత బయటికి గానీ చూడటం మేలు.

అన్నిటికంటే నాకు అనుమానం తోకచక్రం మీద. అది మామూలుగా రడ్డర్‌తో పాటు తిరుగుతుంది. ఒక హద్దు దాటితే లోపలి పిన్ను జారి, బండిని వెనక్కి నెట్టుకోవడానికి వీలుగా గిరగిరా తిరిగేలా వదిలేస్తుంది. ఆ పిన్ను, అది కూర్చునే గాడి అరిగితే హద్దు రాకముందే వదిలేస్తుంది. అప్పుడు మీరు కుడి పెడల్ ఎంత తొక్కినా తోకకి అందదు. తోక ఎత్తి, రడ్డర్ మధ్యలో ఎవరినైనా పట్టుకోమని, చక్రాన్ని చేత్తో ఎడమకీ కుడికీ తిప్పండి. రెండు పక్కలా ఒకే కోణం దగ్గర, ఒకే రకమైన "టక్" వినిపించాలి. ఒక పక్క ముందే మెత్తగా వదిలేస్తే దొంగ దొరికినట్టే. విప్పి, మట్టి కలిసిన పాత గ్రీజు తుడిచి, పిన్ను అంచు గుండ్రబడి ఉంటే మార్చేయండి. రడ్డర్‌ని తోకచక్రానికి కలిపే గొలుసులు బిగదీసి ఉండకూడదు, వేలాడనూ కూడదు. చక్రం గజగజ వణుకుతుంటే స్ప్రింగు చదునై పివట్ (చక్రం తిరిగే నిలువు ఇరుసు) పైభాగం ముందుకి వాలిందేమో చూడండి.

మూడు చక్రాల మీదా, రెండింటి మీదా అన్నారు. దీని మీద వాదించుకునే వాళ్ళకి ఓ సాయంత్రం చాలదు. ఎండార్స్‌మెంటుకి రెండూ నేర్పాలని అమెరికా నిబంధన ఉండనే ఉంది. మూడు చక్రాల మీద దిగితే వేగం తక్కువ: 60 నాట్లతో తాకితే 50తో తాకినదానికంటే 44 శాతం ఎక్కువ శక్తిని అణచాలి. పైగా తోకచక్రం మొదటి క్షణం నుంచే పనిలో ఉంటుంది. చాలా ఆర్వీల్లో ఒక చిక్కుంది. నేల మీద నిలబడినప్పటి కోణం స్టాల్ కోణం (రెక్క గాలి మీద పట్టు వదిలేసే కోణం) కంటే తక్కువ. అందుకని పూర్తిగా స్టాల్ అయ్యేదాకా పట్టుకుంటే తోక ముందు తగిలి, ముందు చక్రాలు ధబ్బున పడతాయి. రెండో బొట్టు దగ్గరే ఆపి, ఆ భంగిమలో దిగనివ్వండి. రెండు చక్రాల మీద దించేటప్పుడు నేల తాకే క్షణంలో దిగుడు వేగం దాదాపు సున్నా అయ్యుండాలి. తాకగానే స్టిక్ ఒక్క అంగుళం ముందుకి, అంతే. తోక తనంతట తాను దిగబోతుంటే దింపేసి స్టిక్ వెనక్కి. తోక గాల్లో ఉన్నంతసేపు పాదాలు నిద్రపోకూడదు. ఇప్పటికి మీకు మూడు చక్రాలదే మంచిది. రెండు చక్రాలది గురువు పక్కన ఉన్నప్పుడు చేయండి.

ఫైనల్లో, అంటే రన్‌వేకి సూటిగా దిగివచ్చే చివరి దారిలో, వేగం స్టాల్ వేగానికి 1.3 రెట్లు. ఆ స్టాల్ మీ విమానానిదై ఉండాలి, పుస్తకంలోది కాదు. ఇంటి కట్టుబడి విమానాల్లో స్టాటిక్ రంధ్రం (బయటి గాలి ఒత్తిడిని పట్టేది) ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి వేగం మీటరు నాలుగైదు నాట్లు అబద్ధం చెప్పగలదు. మూడు వేల అడుగుల పైన, దిగేటప్పుడుండే బరువుతో, ఫ్లాపులతో మూడుసార్లు స్టాల్ చేసి, మీటరు చూపిన అంకె కాగితం మీద రాసి ప్యానెల్‌కి అంటించుకోండి.

గంతు వేస్తే? చక్రాలు గట్టిగా తగిలితే వెనకున్న బరువు తోకని కిందకి లాగుతుంది, రెక్క కోణం పెరుగుతుంది, విమానం మళ్ళీ లేస్తుంది. ఆ లేచిన క్షణాన స్టిక్ ముందుకి తోసేవాళ్ళే ప్రొపెల్లర్ని తారులో నాటేది. చిన్న గంతైతే రెండో బొట్టు భంగిమ పట్టుకుని కాస్త త్రొటుల్ (ఇంజన్ జోరు) ఇస్తే మళ్ళీ మెత్తగా కూర్చుంటుంది. మనిషెత్తు లేస్తే పూర్తి త్రొటుల్, కుడి పెడల్, పైకి. త్రొటుల్ వేసేటప్పుడు కుడి పెడల్ మరిస్తే ఇంజనే ఎడమకి తిప్పుతుంది.

బ్రేకుల గురించి ఒక్క మాట: మడమలు నేల మీద, మునివేళ్ళు పెడల్ కింది భాగం మీద. ఎడమకి తిరగడం మొదలైతే కుడి రడ్డర్ చివరిదాకా, చాలకపోతే కుడి బ్రేకుని తట్టి వదలడం. రెండూ కలిపి తొక్కితే ముక్కు నేలకి.

పక్కగాలి లెక్క నోటికొచ్చి ఉండాలి: గాలి రన్‌వేకి 30 డిగ్రీల్లో ఉంటే అందులో సగం, 45లో పదికి ఏడు, 60లో పదికి తొమ్మిది పక్కనుంచి వస్తున్నట్టు. గాలి వచ్చే వైపు రెక్క వంచి, ఎదురు పెడల్‌తో ముక్కు నేరుగా పెట్టి, ఆ వైపు చక్రాన్ని ముందు తాకించండి. ఇక్కడో మెలిక ఉంది. అడ్డంగా తొక్కి ఉన్న పెడల్‌తోనే తోక దిగితే తోకచక్రం కూడా అటే తిరిగి ఉంటుంది, నేల తగలగానే బండి అటు దూకుతుంది. తోక తగిలే ముందు పాదాన్ని మధ్యకి తెచ్చుకోవాలి. ఎయిలెరాన్ మాత్రం వేగం తగ్గేకొద్దీ పెంచుతూ పోయి, ఆగేసరికి చివరికంటా గాలివైపే ఉండాలి. వచ్చే ముప్పై ల్యాండింగులకి మీ హద్దు ఐదు నాట్ల పక్కగాలి అనుకోండి. గురువు పక్కన ఉంటే పది.

ఆ ముప్పై ఎలా చేయాలంటారేమో. తాకి మళ్ళీ లేచే టచ్ అండ్ గోలు వద్దు. మీకు జబ్బు ఉన్నది పరుగు చివర, దాన్నే వదిలేసి లేచిపోతే ఏం నేర్చుకున్నట్టు? ప్రతిసారీ పూర్తిగా ఆగండి, రన్‌వే మీదే ఆగి, చాలినంత మిగిలి ఉంటేనే మళ్ళీ లేవండి. రోజుకి ఆరు, ఎనిమిదికి మించొద్దు. అలసిన పాదాలు మందంగా పనిచేస్తాయి. మొదటి ఐదు గంటలు ఆర్వీ తెలిసిన గురువు పక్క సీట్లో ఉండాలి. సిటాబ్రియా పది గంటలు మీకు కాగితం ఇచ్చాయి, ఈ విమానాన్ని ఇవ్వలేదు. "ముందు రన్‌వే మీద వేగంగా పరుగులు తీసి అలవాటు చేసుకో" అని ఎవరైనా సలహా ఇస్తే విని ఊరుకోండి. 35 నాట్ల పరుగంటే ఎగిరీ ఎగరని వేగం, ల్యాండింగులో ఉన్న ప్రమాదమంతా అందులోనూ ఉంటుంది.

నాన్నగారి మాటకొస్తే, ముక్కు చక్రం విమానం తేలిక అన్నది నిజమే, కాదనడం లేదు. అది ఆయనతో ఒప్పుకోండి. కావలిలో ఎగరడం మాత్రం ఇప్పట్లో కుదిరే పని కాదు. దగదర్తి ఇంకా ఎయిర్‌పోర్టు కాలేదు. దొనకొండలో ఉన్నది బ్రిటిషు వాళ్ళ కాలపు రన్‌వే. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి 16 మీద 2022 డిసెంబరులో వాయుసేన ట్రయల్ చేసిన పట్టీ అత్యవసరంలో వాళ్ళ కోసం, మన ఆదివారం సరదాలకి కాదు. పోనీ ఊహకైనా చూడండి: ఆ రోడ్డు దాదాపు ఉత్తర దక్షిణాలుగా, సముద్రం తూర్పున. మధ్యాహ్నం దాటితే తుమ్మలపెంట వైపు నుంచి మీ ఇంటి డాబా మీద బట్టలు ఎగరగొట్టే గాలి, అలాంటి పట్టీ మీద నూటికి నూరుపాళ్ళు పక్కగాలే. సెలవులు అయ్యేలోపు రోజూ మూడింటికి డాబా ఎక్కి, గాలి ఎటు నుంచి ఎంత వస్తోందో, ఉత్తర దక్షిణపు రన్‌వే అనుకుంటే ఏ రెక్క వంచాలో, ఏ పెడల్ తొక్కాలో కుర్చీలో కూర్చుని చేసి చూడండి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి.

ఆయన టెక్సాస్ వచ్చినప్పుడు ఎక్కించుకోవాలంటే, గడిచిన 90 రోజుల్లో తోకచక్రం విమానంతో పూర్తిగా ఆగిన ల్యాండింగులు మూడు ఉండాలన్నది నిబంధన. మీరు ముప్పై పూర్తి చేసుకోండి. ఆయన మీ పక్కనే కూర్చుంటారు కాబట్టి బరువు కేంద్రం పెద్దగా కదలదు. సీట్ల వెనక పెట్టే సామానే కదిలిస్తుంది. అక్కడ ప్రతి కిలో కేంద్రాన్ని వెనక్కి జరిపి, తోక తిరగాలనే పట్టుదలని పెంచుతుంది. కాబట్టి అమ్మ కట్టిచ్చిన ఆవకాయ డబ్బాలు తూకం వేసి, వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితంలో రాసి, వెనక హద్దుకి దగ్గరపడితే కారులో పంపించేయండి.